చరణ్‌జీత్ సింగ్: ఆ ఒక్క ఆల్బమ్ తర్వాత ఏం వినాలి?

క్యాసెట్_కాలం
ఈ మధ్య చరణ్‌జీత్ సింగ్ "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్" వదలకుండా వింటున్నాను. 1982లో హెచ్ఎమ్‌వీ వేసిన రికార్డు. పది రాగాలు, పది ట్రాకులు, ఒక్కొక్కటి దాదాపు అయిదు నిమిషాలు. పాట లేదు, తబలా లేదు, అంతా మెషీన్లే. బాగా నచ్చేసింది.

సమస్య ఏంటంటే ఇంతకు మించి ఆయనవి దొరకడం లేదు. యాప్‌లో పేరు కొడితే ఆ పేరున్న పంజాబీ భజన గాయకులు, గజల్ గాయకులు అందరూ ఒకే పేజీలో కలగాపులగంగా వస్తున్నారు. కింద ఎవరెవరో చేసిన ఎడిట్లు, రీమిక్స్‌లు. ఏది ఆయనది, ఏది కాదు? ఈ ఒక్క ఆల్బమ్ చేసి ఊరుకున్నారా? తెలిసినవాళ్ళు దారి చూపించండి.

సింథ్_సుబ్బు
ఊరుకోలేదు. అసలు ఆయన వాయించినదాంట్లో ఈ ఆల్బమ్ చిన్న ముక్క. ఆయన ముంబై సినిమా స్టూడియోల్లో సెషన్ వాద్యకారుడు, అంటే రికార్డింగ్‌కి పిలిస్తే వెళ్ళి వాయించేవారు. ఎస్.డి. బర్మన్, శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్, అందరి దగ్గరా వాయించారు. బేస్ గిటార్, ఎలక్ట్రిక్ గిటార్, ట్రాన్సికార్డ్, తర్వాత సింథసైజర్లు. "దమ్ మారో దమ్" పాటలో ట్రాన్సికార్డ్ ఆయనదే. అంటే ఈ ఆల్బమ్ కంటే పదేళ్ళ ముందే ఆయన చప్పుడు మన అందరి ఇళ్ళలోనూ మోగింది, పేరు మాత్రం తెలీదు.

గుంటూరు_గిటార్
ట్రాన్సికార్డ్ అంటే?

సింథ్_సుబ్బు
ఎలక్ట్రానిక్ అకార్డియన్ బ్రో. ఇటలీలో ఫర్ఫీసా కంపెనీ చేసింది. మెడలో వేసుకుని అకార్డియన్ లాగే వాయిస్తారు, కానీ శబ్దం గాలితో కాదు, సర్క్యూట్‌తో పుడుతుంది. ఆర్గన్ లాగా సన్నగా, కొంచెం ముక్కుతో పాడినట్టు ఉంటుంది.

డల్లాస్_దీపు
అసలు విషయం ఎవరూ చెప్పడం లేదేంటి! ఆసిడ్ హౌస్ అనే క్లబ్ డాన్సు సంగీతాన్ని కనిపెట్టింది ఈయనే. షికాగో వాళ్ళ కంటే అయిదేళ్ళ ముందు, ముంబైలో కూర్చుని. ఇక్కడ మా ఆఫీసులో ఎవరైనా టెక్నో గురించి గొప్పలు చెప్తే ముందు ఈ ఆల్బమే వినిపిస్తాను.

రాత్రి_బండి
వినిపించండి దీపు గారూ, కానీ "కనిపెట్టారు" అనొద్దు. ఆసిడ్ హౌస్ అంటే షికాగోలో ఫ్యూచర్ అనే బృందం చేసిన "ఆసిడ్ ట్రాక్స్", 1987. దాన్ని క్లబ్బులో మొదట వేసినవాడు డీజే రాన్ హార్డీ. వాళ్ళెవరైనా చరణ్‌జీత్ రికార్డు విన్నట్టు ఆధారం లేదు. వినే వీలూ తక్కువే, ఎందుకంటే మన దేశంలోనే అది అమ్ముడుపోలేదు.

రెండు చోట్లా ఒకే బేస్ మెషీన్ ఉంది, రోలండ్ టీబీ-303. అందుకే చెవికి ఒకేలా తగులుతుంది. చరణ్‌జీత్ కాలంలోనే దాన్ని వాడినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంగ్లండ్‌లో హెవెన్ 17 బృందం "లెట్ మీ గో" అనే పాట 1982లోదే, అందులోనూ 303 ఉంది. "మొదట ఎవరు" అనే పందెంలో పెడితే ఈయన అసలు గొప్పతనం పక్కకి పోతుంది.

డల్లాస్_దీపు
హెవెన్ 17ది పాప్ పాట. ఇక్కడ డ్రమ్ ఆగకుండా కొడుతూ, 303 ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. వింటే తేడా తెలుస్తుంది కదా. నేను ఒప్పుకోను.

సింథ్_సుబ్బు
మీ ఇద్దరి మధ్య మెషీన్ సంగతి కొంచెం చెప్పాలి.

ఆల్బమ్‌లో మూడే మూడు పరికరాలు. జూపిటర్-8 కీబోర్డు, టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్. మూడూ జపాన్ రోలండ్ కంపెనీవే, మూడూ అప్పటికి కొత్తవి. 808 వచ్చింది 1980లో, మిగతా రెండూ 1981లో. 303ని సింగపూర్‌లో కొని తెచ్చుకున్నారు ఈయన.

303ని తయారుచేసింది క్లబ్బుల కోసం కాదు. ఒంటరిగా గిటార్ సాధన చేసుకునేవాడికి పక్కన బేస్ వాయించేవాడు లేకపోతే, ఆ లోటు తీర్చడానికి. కానీ అది నిజమైన బేస్ గిటార్ లాగా వినపడలేదు, ప్రోగ్రామ్ చేయడం మహా తలనొప్పి. స్వరాలు ఒకసారి వేయాలి, లయ ఇంకోసారి విడిగా వేయాలి. దాదాపు పది వేలు చేసి 1984లో ఆపేశారు. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్ళు కొని, ట్రాక్ నడుస్తుండగానే శబ్దం రంగు మార్చే ఫిల్టర్ నాబ్‌లు తిప్పుకుంటూ పోయారు. ఆ కీచుమనే ఏడుపు శబ్దం ఉంది చూశారూ, అదే ఆసిడ్. వాళ్ళకి ట్యూన్ ముఖ్యం కాదు, నాబ్ తిప్పడమే సంగీతం.

చరణ్‌జీత్‌ది దీనికి పూర్తిగా రివర్స్. ఆయనకి ట్యూనే ముఖ్యం. 303లో "స్లైడ్" అని ఒకటుంది, ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి తెగకుండా జారుతుంది. మామూలు బేస్ వాయించేవాడికి అది అలంకారం. రాగం తెలిసినవాడికి అది ప్రాణం. ఆ జారుడు లేకపోతే రాగం నిచ్చెన మెట్లు ఎక్కినట్టుంటుంది. ఆయన చెవికి ఆ సంగతి వెంటనే తట్టింది. నా దృష్టిలో గొప్పతనం అది.

వీణ_శ్యామల
సుబ్బు గారి చివరి పేరాకి నా ఓటు. స్వరం నుంచి స్వరానికి జారే ఆ జారుడుని హిందుస్తానీలో మీండ్ అంటారు, దాన్ని మెషీన్‌లో పట్టుకున్నారు ఆయన.

మన కర్ణాటక సంగీతం చెవితో వినేవాళ్ళకి ఈ ఆల్బమ్ ఇంకా దగ్గరవుతుంది. భూపాలీ అంటే మన మోహనం. మాల్‌కౌంస్ హిందోళం. యమన్ మన కల్యాణికి చుట్టం. బైరాగీ రేవతి, కళావతి వలజి. భైరవ్ స్వరాలు మాయామాళవగౌళవి. మేఘ్ మల్హార్ వింటే మధ్యమావతి గుర్తొస్తుంది, మధువంతి వింటే ధర్మవతి. తోడీ దగ్గర మాత్రం జాగ్రత్త, హిందుస్తానీ తోడీ మన తోడి కాదు, శుభపంతువరాళికి దగ్గర.

ఇక లలిత్. దానికి మన దగ్గర సరిగ్గా సరిపోయే జోడీ లేదు. పంచమం ఉండదు, రెండు మధ్యమాలూ పక్కపక్కనే వస్తాయి. గొంతుతో పాడటమే కష్టం. అలాంటి రాగాన్ని డిస్కో బీట్ మీద పెట్టాలనుకున్న మనిషి ధైర్యానికి దణ్ణం పెట్టాలి. నేను అన్నింటికంటే ఎక్కువసార్లు వినేది అదే.

మోహన_బాబాయ్
సావకాశంగా ఆలాపన లేని రాగం రాగమేనా అమ్మా? కాసేపటికే ధన్ ధన్ అని డ్రమ్ము. భైరవ్ తెల్లవారుజామున వినాల్సిన రాగం. ఇలా వింటే పక్కింటివాళ్ళు కూడా లేస్తారు.

వీణ_శ్యామల
లేస్తే మంచిదే బాబాయ్ గారూ, తెల్లవారింది కదా. సావకాశంగా ఆలాపన లేదన్నది నిజం. కానీ వాది స్వరం, అంటే రాగంలో ముఖ్యమైన స్వరం మీద ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడ్డారు, ఎక్కడ వంగాలో అక్కడే వంగారు. కచేరీకి బదులుగా వినకండి. ఒక ఎత్తుగడని మళ్ళీ మళ్ళీ తిప్పితే అందులోంచి ఏం బయటికొస్తుందో చూడండి. మన నాదస్వరం వాళ్ళు ఊరేగింపులో చేసేది చాలావరకు అదే.

కాకినాడ_కాజా
ఇది నిజంగా 1982దేనా? విదేశాల్లో ఎవరో ఎలక్ట్రానిక్ ఆర్టిస్టు సరదాకి చేసి, పాత భారతీయ రికార్డని కథ అల్లాడని ఎక్కడో చదివాను.

రాత్రి_బండి
2010లో మళ్ళీ విడుదలైనప్పుడు ఆ అనుమానం గట్టిగానే వచ్చింది. ఇంగ్లండ్‌కి చెందిన ఎలక్ట్రానిక్ ఆర్టిస్టు ఎఫెక్స్ ట్విన్ మారుపేరుతో చేశాడేమో అని కూడా అన్నారు. కానీ హెచ్ఎమ్‌వీ ఒరిజినల్ ఎల్పీలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌కి చెందిన ఎడో బౌమన్ అనే కలెక్టర్‌కి 2002లో ఢిల్లీలో ఒక కాపీ దొరికింది. ఆయన ముంబై వెళ్ళి చరణ్‌జీత్ గారిని కలిశాడు, తర్వాత తన బాంబే కనెక్షన్ లేబుల్ మీద మళ్ళీ విడుదల చేశాడు. ఆ తర్వాత చరణ్‌జీత్ గారే యూరప్ వెళ్ళి వేదికల మీద అదే వాయించారు. ఎదురుగా నిలబడి వాయించే మనిషిని పట్టుకుని లేడు అనలేం కదా.

కాకినాడ_కాజా
సరే, అయితే అడుగుతున్నాను. అంతటి రికార్డు మనవాళ్ళకెందుకు పట్టలేదు? డిస్కో అంటే పడిచచ్చే రోజులు కదా అవి.

పాత_పిన్ను
అప్పుడు రికార్డులు కొన్నవాడిని కాబట్టి చెబుతున్నాను. డిస్కో అంటే పడిచచ్చిన మాట నిజమే. 1980లో "ఖుర్బానీ", ఆ మరుసటేడు నాజియా హసన్ "డిస్కో దీవానే", 1982 చివర్లో "డిస్కో డాన్సర్". కానీ మాకు కావాల్సింది పాట. పాడుకోవడానికి పల్లవి ఉండాలి, వెనక సినిమా ఉండాలి. రాగాలు కావాలనుకున్నవాళ్ళు రవిశంకర్, బిస్మిల్లాఖాన్ రికార్డులు కొనేవాళ్ళు. డిస్కో కావాలన్నవాళ్ళకి రాగం పేరు చూస్తేనే భయం. ఈ రికార్డు రెండు అరల్లో దేంట్లో పెట్టాలో షాపువాడికే తెలిసేది కాదు.

ఇంకో మాట. ఇంట్లో ఉన్న గ్రామఫోన్ పెట్టెల స్పీకర్లు చిన్నవి. ఈ సంగీతానికి పునాది ఆ కింది బేస్. ఆ పెట్టెల్లో అది సగం వినపడేది కాదు. ఇప్పుడు మంచి హెడ్‌ఫోన్లలో వింటున్నవాళ్ళు అప్పటి శ్రోతని తప్పుపట్టకండి.

క్యాసెట్_కాలం
పిన్ను గారూ, స్పీకర్ల సంగతి నాకు తట్టనే లేదు. బాగా చెప్పారు. ఇంతకీ నా మొదటి ప్రశ్న: ఇంకేం వినాలి?

పాత_పిన్ను
ఆయనవి సినిమా పాటల ట్యూన్లు వాయించిన ఇన్‌స్ట్రుమెంటల్ రికార్డులు హెచ్ఎమ్‌వీలో ఉన్నాయి. గిటార్ మీద, ట్రాన్సికార్డ్ మీద. ఇవి వాటి కాలంలో హాయిగా అమ్ముడుపోయిన సరుకు. పెళ్ళి రిసెప్షన్లలో, హోటళ్ళలో వెనక సన్నగా మోగుతుండేవి. మా ఇంట్లో ఒకటుంది. అట్ట మీద మరకలు, రికార్డు మీద గీతలు, అయినా గిటార్ స్వరం తేనెలా వస్తుంది. రాగాల ఆల్బమ్‌లో ఉన్న ఆ జారుడు చెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో ఇవి వింటే తెలుస్తుంది. హవాయియన్ గిటార్ పద్ధతిలో స్వరాన్ని ఎలా జార్చాలో ముందే చేతికి వచ్చేసింది. తర్వాత దాన్నే మెషీన్‌తో చేయించారు.

గుంటూరు_గిటార్
ఇది మాత్రం సూపర్ పాయింట్. స్లైడ్ గిటార్ నుంచి 303 స్లైడ్‌కి. ఇప్పుడు వింటే నాకూ అలాగే వినిపిస్తోంది.

డల్లాస్_దీపు
ఆ ట్యూన్ల రికార్డులు నాలుగైదు నెట్‌లో విన్నాను. మామూలుగా ఉన్నాయి. లిఫ్ట్‌లో వేసే సంగీతంలా. ఆయన పేరు మీదున్నదంతా గొప్పదే అనక్కర్లేదు.

పాత_పిన్ను
అది పొట్టకూటి పని బాబూ. సెషన్‌కి పిలిస్తే వెళ్ళేవారు, పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రా నడిపారు, భార్య సుపర్ణ గారు పాడేవారు. ఆ పనిలో సంపాదించిన డబ్బుతోనే అంత ఖరీదైన మెషీన్లు కొన్నారు. లిఫ్ట్ సంగీతం లేకపోతే మీ ఆసిడ్ హౌస్ లేదు.

రాత్రి_బండి
పిన్ను గారు ఒక్క వాక్యంలో తేల్చేశారు.

చిత్తూరు_చిన్నోడు
నేను ఈయన దగ్గరికి రీమిక్స్ ద్వారా వచ్చాను. ఎవరో రాగ భైరవ్‌ని కొంచెం స్పీడ్ పెంచి, కింద బరువైన కిక్ డ్రమ్ వేసి పెట్టారు. జిమ్‌లో విని, కామెంట్లలో పేరు పట్టుకుని ఒరిజినల్‌కి వెళ్ళాను. కాబట్టి ఎడిట్లని తిట్టకండి.

వీణ_శ్యామల
తిట్టను, కానీ స్పీడ్ పెంచడం నాకు నచ్చదు. స్పీడ్‌తో పాటు శ్రుతి కూడా పైకి పోతుంది.

చిత్తూరు_చిన్నోడు
శ్రుతి పెరిగితే రాగం మారదు కదా మేడమ్. ఆడవాళ్ళు ఒక శ్రుతిలో పాడతారు, మగవాళ్ళు ఒక శ్రుతిలో.

వీణ_శ్యామల
రాగం మారదు. జారుడు వేగం మారుతుంది. ఒక స్వరం నుంచి ఇంకో దానికి ఎంతసేపట్లో వెళ్ళాలో ఆయన లెక్క చూసుకుని పెట్టారు. దాన్ని తొందరపెడితే లలిత్‌లో ఆ రెండు మధ్యమాల మధ్య ఊపిరాడదు. కిక్ వేసుకోండి, స్పీడ్ మాత్రం ముట్టుకోకండి.

సింథ్_సుబ్బు
సాంకేతికంగా ఇంకో చిక్కు. వేర్వేరు కంపెనీల మెషీన్లని కలిపే మిడి పద్ధతి 1982 నాటికి లేదు, అది వచ్చింది 1983లో. అప్పట్లో ఈ మెషీన్లలో ఒకటి ఇంకోదానికి తాళం అందించాలంటే రోలండ్ వాళ్ళ సింక్ కేబుల్ వాడాలి. 808 తాళం ఇస్తుంటే 303 దాన్ని పట్టుకుని నడుస్తుంది, దాని మీద జూపిటర్‌ని చేత్తో వాయిస్తారు. ఆ చేతి వాయింపు మెషీన్ కొలత గీతలకి కొంచెం ముందూ వెనకా ఊగుతుంది. ఎడిట్ చేసేవాళ్ళు కంప్యూటర్లో అన్నీ గీత మీదికి లాగేస్తారు. అందుకే చాలా రీమిక్స్‌లు చప్పగా ఉంటాయి.

మోహన_బాబాయ్
మీ మాటల్లో పడి నేనూ కళావతి విన్నాను. వలజి ఛాయ స్పష్టంగా ఉంది. సావకాశంగా ఆలాపన లేకపోవడం మీద నా అభిప్రాయం మారలేదు. కానీ ఈ మనిషికి రాగం తెలుసు.

రాత్రి_బండి
క్యాసెట్ గారి ప్రశ్నకి నా వంతు. ఆయనకి ముందూ, ఆయన కాలంలోనూ మనవాళ్ళు చేసిన ఇలాంటి సంగీతం చెల్లాచెదురుగా ఉంది, కావాలంటే రెండు వినండి.

అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ టేపుల మీద ప్రయోగాలు చేశారు. ఆ టేపులు ఏళ్ళ తరబడి ఆర్కైవ్‌లో పడి ఉన్నాయి. పాల్ పర్గాస్ అనే కళాకారుడు వాటిని పట్టుకుని పని చేశాక 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. చరణ్‌జీత్ ఆల్బమ్ లాగా కాలు ఆడించే సరుకు కాదు. కొన్ని వట్టి గరగర, కొన్ని పక్షుల్లాంటి కూతలు. ఓపిక ఉండాలి.

రెండోది రూప అనే గాయని "డిస్కో జాజ్". ఇదీ 1982లోదే. కెనడాలోని కాల్గరీలో రికార్డు చేశారు, సరోద్ మీద ఆశిష్ ఖాన్. ఇది కూడా అప్పుడు ఎవరికీ పట్టక, 2019లో మళ్ళీ విడుదలయ్యాక లోకమంతా పాకింది.

గుంటూరు_గిటార్
ముంబై స్టూడియోల్లో సింథ్ తెచ్చిన మొదటివాళ్ళలో కెర్సీ లార్డ్ గారు కూడా ఉన్నారు. మినీమూగ్ అనే సింథసైజర్ ఆయనే తెచ్చారు. ఆర్.డి. బర్మన్ పాటల్లో వింత శబ్దం వినపడితే ఆయన చెయ్యో చరణ్‌జీత్ గారి చెయ్యో ఉండే అవకాశం ఎక్కువ.

కాకినాడ_కాజా
"అవకాశం ఎక్కువ" అని ఎందుకు అనాల్సి వస్తోంది? పేర్లు రాయలేదా?

పాత_పిన్ను
రాయలేదు. రికార్డు అట్ట మీద సినిమా పేరు, సంగీత దర్శకుడు, కవి, గాయకులు. అంతే. వాయించినవాళ్ళు అరవై మంది ఉన్నా ఒక్క పేరు ఉండదు. మద్రాసులో మన తెలుగు పాటలకీ అదే రివాజు. మా పెదనాన్నగారబ్బాయి మద్రాసు స్టూడియోల్లో ఎలక్ట్రిక్ ఆర్గన్ వాయించేవాడు. పాట రేడియోలో వస్తే "ఇదిగో ఈ బిట్ నాది" అని చెయ్యి పైకెత్తేవాడు. ఆయన పోయాక ఏ బిట్ ఆయనదో చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. ఎక్కడా రాసి లేదు.

చిత్తూరు_చిన్నోడు
ఇది చదివి బాధేసింది పిన్ను గారూ.

డల్లాస్_దీపు
ఏఆర్ రెహమాన్ కూడా "రోజా"కి ముందు దిలీప్‌గా రాజ్-కోటి గారి దగ్గర కీబోర్డు వాయించారు కదా. ఆ తెలుగు పాటల అట్టల మీద ఎక్కడైనా ఆయన పేరుందా? పేరొచ్చాక అందరూ వెనక్కి వెళ్ళి వెతుకుతున్నారు. పేరు రానివాళ్ళ కోసం వెతికేవాళ్ళెవరు?

రాత్రి_బండి
దీపు గారూ, ఇప్పుడు మీరూ నేనూ ఒకే మాట అంటున్నాం. చరణ్‌జీత్ గారికి "ఆసిడ్ హౌస్ తాత" అనే బిరుదు దొరికింది కాబట్టి ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం. ఆ బిరుదు లేకపోయినా ఆయన చేసిన పని అంతే విలువైనది. ఆయన చేసింది కూడా సూటిగా ఉంది. ఎటు చూసినా డిస్కోనే ఉంది కాబట్టి తబలా తీసేసి, ఆ డిస్కో బీట్ మీదే రాగాలు వాయిద్దామనుకున్నారు. ఇంటర్వ్యూల్లోనూ ఆయన ఇదే చెప్పారు. షికాగో ప్రస్తావన వినేవాళ్ళు తెచ్చిపెట్టింది.

డల్లాస్_దీపు
బిరుదు వల్లే నాకు తెలిసింది, అది మాత్రం కాదనను. ఆఫీసులో వినిపించేటప్పుడు ఇక నుంచి మోహనం, హిందోళం కూడా చెప్తాను.

గుంటూరు_గిటార్
ఒరిజినల్ ఎల్పీ ఎక్కడైనా దొరుకుతుందా? హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో పాత రికార్డులు కనపడుతుంటాయి.

పాత_పిన్ను
రాగాల ఆల్బమ్ ఒరిజినల్ దొరకడం కష్టం. దాని మీద ఆశ పెట్టుకోకండి, 2010 రీఇష్యూ కొనండి, శబ్దం బాగుంటుంది. ట్యూన్ల రికార్డులు మాత్రం జుమ్మేరాత్ బజార్లోనూ ముంబై చోర్ బజార్లోనూ కుప్పల్లో ఉంటాయి. సినిమా పేరు చూసి దాటేస్తారు అందరూ. మీరు అట్ట వెనక్కి తిప్పి వాయించినవారి పేరు చూడండి. ఇన్‌స్ట్రుమెంటల్ రికార్డుల మీదైతే ఆ పేరు ఉంటుంది. కొనే ముందు వెలుతురులో అడ్డంగా పట్టుకుని చూడండి. గీతలు ఉన్నా పర్వాలేదు, వంకర తిరిగితే మాత్రం వద్దు.

క్యాసెట్_కాలం
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. నేను చేయబోయేది: ముందు రాగాల ఆల్బమ్‌ని శ్యామల గారు చెప్పిన రాగాల వరసతో మళ్ళీ వింటాను. తర్వాత ట్రాన్సికార్డ్ ఉన్న ఆర్.డి. బర్మన్ పాటలు. ఆ తర్వాత అహ్మదాబాద్ టేపులు.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. సుబ్బు గారూ, పాటలో ట్రాన్సికార్డ్‌ని మామూలు అకార్డియన్ నుంచి ఎలా గుర్తుపట్టాలి?

సింథ్_సుబ్బు
స్వరం మొదలయ్యే చోట వినండి. అకార్డియన్‌లో గాలి నిండి, ఒత్తిడి పెరిగి స్వరం ఉబ్బుతుంది. స్వరం మధ్యలో కూడా బలం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. ట్రాన్సికార్డ్‌లో మెట్టు నొక్కగానే స్వరం నిండుగా మొదలై, వదలగానే కత్తిరించినట్టు ఆగుతుంది. ట్రెమోలో వేస్తే ఆ వణుకు కూడా ఒకే కొలతలో ఉంటుంది. గాలితో అంత సమానంగా రాదు.

పాత_పిన్ను
తెలుగు పాటల్లో వాయించినవాళ్ళ పేర్ల కోసం వేరే థ్రెడ్ తెరిచాను. మద్రాసు స్టూడియోల్లో మీ ఇంట్లోవాళ్ళో, తెలిసినవాళ్ళో వాయించి ఉంటే పాట పేరు, ఏ వాద్యం, ఏ బిట్ అన్నది అక్కడ రాయండి. వాళ్ళ నోటితో విన్నది అయితేనే రాయండి, ఊహించి వద్దు.

మోహన_బాబాయ్
మా బావగారు విజయవాడలో ఉన్నారు, మద్రాసులో చాలాకాలం వయొలిన్ వాయించారు. ఆదివారం ఫోన్ చేసి పాటలు అడిగి, చెప్పింది చెప్పినట్టు అక్కడ రాస్తాను.